పక్షుల వరుసను మార్చిన జన్యుసాక్ష్యం

సలీం అలీ, ఎస్. డిల్లన్ రిప్లీ కలిసి రచించగా 1968 నుంచి 1974 వరకు పది సంపుటాలుగా వెలువడిన భారత, పాకిస్తాన్ పక్షుల గ్రంథం, లూన్ అనే శీతలదేశాల నీటిపక్షితో మొదలై, బుడబుంగలు, గూడబాతులు, కొంగలు, బాతులు, గద్దల మీదుగా సాగి, గింజలు తిని బతికే బంటింగ్ అనే చిన్న పిట్టలతో ముగుస్తుంది. దేశంలో పక్షులను పరిశీలించేవారికి చాలాకాలం ఈ వరుసే కంఠస్థంగా ఉండేది. ఇటీవలి జాబితాల్లో అది కనిపించదు. బాతులూ కోళ్ళ జాతులూ మొదటి పుటలకు వచ్చాయి. బుడబుంగల పక్కన, ఏ పోలికా లేనట్టుగా కనిపించే ఫ్లెమింగోలు చేరాయి. గద్దల సరసన ఉండిన బైరి డేగ ఎన్నో పుటలు దాటి రామచిలుకల దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ మార్పులకు ముఖ్యమైన ఆధారం పక్షుల కణాల్లోని డీఎన్‌ఏ.

వర్గీకరణలో నిజానికి రెండు పనులు కలిసి ఉంటాయి. దగ్గరి జాతులను ఒక ప్రజాతిగా, దగ్గరి ప్రజాతులను ఒక కుటుంబంగా, దగ్గరి కుటుంబాలను ఒక క్రమంగా కూర్చడం మొదటి పని. అలా ఏర్పడిన సమూహాలను పుస్తకంలో ఒకదాని తర్వాత ఒకటిగా అచ్చువేయడానికి వీలైన వరుసలో పెట్టడం రెండవది. ఈ రెండవ పని కేవలం సౌకర్యానికి సంబంధించినదిగా కనిపించినా, మ్యూజియంలలో పక్షిచర్మాలను దాచే సొరుగులు మొదలుకొని క్షేత్రపరిశీలకుల చేతిపుస్తకాల వరకు అన్నీ ఆ వరుసనే అనుసరిస్తాయి కనుక, దాన్ని కదిలిస్తే ఎన్నో చోట్ల సర్దుబాటు తప్పదు. రిప్లీ 1961లో ప్రకటించిన భారత ఉపఖండపు జాబితాలో ఉపజాతులతో సహా ప్రతి పక్షికీ ఒక సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యలే సలీం అలీ సంపుటాల్లోకి, అక్కడి నుంచి పరిశీలకుల నోటుపుస్తకాల్లోకి ప్రవేశించాయి.

పాత వరుసకు మూలాలు చాలా వెనక ఉన్నాయి. స్వీడన్ దేశపు ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో పక్షులన్నిటినీ ఆరు క్రమాల్లో ఇమిడ్చి, రాబందులు, డేగలు, గుడ్లగూబలు ఉన్న మొదటి క్రమంలోనే, పురుగులను ముళ్ళకు గుచ్చి దాచుకునే చిన్న ష్రైక్ పిట్టను కూడా చేర్చాడు. కొక్కెంలా వంగిన ముక్కు ఆ నాలుగింటికీ ఉమ్మడి లక్షణంగా అతనికి కనిపించింది. డార్విన్ తర్వాత వర్గీకరణకు ఆధారం వంశానుక్రమమే కావాలన్న అంగీకారం ఏర్పడింది. 1867లో ఇంగ్లండు శాస్త్రవేత్త హక్స్‌లీ అంగిలి ఎముకల అమరికను బట్టి పక్షులను విభజించాడు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా శాస్త్రవేత్త అలెగ్జాండర్ వెట్‌మోర్ 1930లో ప్రకటించి, 1951, 1960 సంవత్సరాల్లో సవరించిన వరుస ప్రపంచంలో చాలా గ్రంథాలకు ప్రమాణమైంది.

ఆ వరుస వెనక ఒక తీర్పు దాగి ఉండేది. ప్రాచీనమైనవని తోచిన పక్షులు మొదట, పరిణామంలో ఎక్కువ ముందుకు వెళ్ళాయని తోచినవి చివర రావాలన్నది ఆ తీర్పు. అయితే ఎక్కువ ముందుకు వెళ్ళినది ఏదన్న ప్రశ్నకు అట్లాంటిక్ మహాసముద్రానికి రెండు వైపులా ఒకే సమాధానం లేకపోయింది. వెట్‌మోర్ జాబితా గింజలు తినే పిట్టలతో ముగియగా, స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో 1954లో జరిగిన అంతర్జాతీయ పక్షిశాస్త్ర సమావేశం తర్వాత రూపొంది, ఆ నగరం పేరుతోనే వ్యవహారంలోకి వచ్చిన వరుస కాకుల కుటుంబానికి చివరి స్థానమిచ్చింది. కాకి తెలివితేటలను శిఖరంగా ఎంచుకోవాలా, ఫించ్ పిట్టల శరీరనిర్మాణాన్ని ఎంచుకోవాలా అన్న ఆ వాదం ఎముకలు కొలిచి తేల్చగలిగినది కాదు. శాస్త్రం పేరిట పెద్దలు తమ అభిరుచులను చర్చించుకున్న సందర్భంగానే అది మిగిలిపోయింది.

అభిరుచుల సంగతి అలా ఉంచినా, రూపాన్ని నమ్ముకున్న వర్గీకరణకు తప్పించుకోలేని చిక్కు ఒకటి ఉంది. ఒకే రకమైన బతుకు, సంబంధం లేని జీవులకు కూడా ఒకే రకమైన అవయవాలను తెచ్చిపెడుతుంది. దీన్ని అభిసారి పరిణామం అంటారు. కౌజు పిట్టను అచ్చు పోలి ఉండే బటన్‌క్వయిల్ దీనికి మన చేలగట్ల మీదే కనిపించే ఉదాహరణ: పొట్టి తోక, గుండ్రని ఒళ్ళు, ఎండుగడ్డిలో కలిసిపోయే మచ్చలు అన్నీ కౌజువే అయినా, దాని పాదానికి వెనక వేలు ఉండదు, ఆడపిట్టే పెద్దదిగా, నిండైన రంగులతో ఉంటుంది, గుడ్లు పొదిగే పని మగదానిది. దీన్ని ఒకప్పుడు కోళ్ళ దగ్గర, తర్వాత సారస పక్షుల క్రమంలో పెట్టారు; జన్యుపరిశీలన దాన్ని సముద్రతీరపు ఉల్లంకిపిట్టలు, గల్‌లు ఉన్న క్రమంలోకి చేర్చింది.

ఫ్లెమింగో కథ ఇంకా చిక్కైనది. చలికాలంలో పులికాట్ సరస్సు లోతు తక్కువ నీటిలో గుంపులుగా మేసే ఈ పక్షికి పొడవైన కాళ్ళను చూస్తే కొంగల పోలిక, వేళ్ళ మధ్య పొరనూ, నీటిని వడకట్టే ముక్కు అంచులనూ, అరుపునూ గమనిస్తే బాతుల పోలిక కనిపిస్తాయి. దాని ఈకల్లో బతికే పేనులు కూడా బాతుల పేనుల ప్రజాతులకే చెందినవి కావడాన్ని బాతుల పక్షాన బలమైన సాక్ష్యంగా భావించారు. ఈకపేను ఒక పక్షి నుంచి దాని పిల్లకే ఎక్కువగా చేరుతుంది కనుక, పేనుల వంశం పక్షుల వంశాన్ని అనుసరిస్తుందని అనుకోవడం సహజమే. 2001లో నీటిపక్షుల డీఎన్‌ఏను పోల్చిన అధ్యయనం ఈ రెండు పక్షాలనూ కాదని, ఫ్లెమింగోకు అత్యంత సమీప బంధువు చెరువుల్లో బుడుంగున మునిగి దూరాన తేలే బుడబుంగ అని చెప్పినప్పుడు, పొట్టికాళ్ళ ఈదే పక్షికీ నిలువెత్తు కాళ్ళ పక్షికీ సంబంధమేమిటని సందేహించినవారు తక్కువ కాదు. అయితే ఆ తర్వాత ఎముకలను మళ్ళీ పరిశీలించినవారికి రెండింటి మధ్య అంతకుముందు పట్టించుకోని పోలికలు కనిపించాయి. రెండింటి గుడ్ల పెంకు మీదా సుద్దలాంటి పొర ఉండడం వాటిలో ఒకటి. 2006లో పేనుల డీఎన్‌ఏనే పోల్చి చూస్తే, ఫ్లెమింగో పేనులకు దగ్గరి బంధువులు బుడబుంగ పేనులేనని, బాతులకు అవి మధ్యలో ఎప్పుడో అంటుకున్నాయని తేలింది. పాత సాక్ష్యం అబద్ధమాడలేదన్నమాట. దాన్ని తిరగేసి చదివారు.

జన్యుసాక్ష్యాన్ని మొత్తం పక్షిజాతికి వర్తింపజేసే తొలి పెద్ద ప్రయత్నం అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ సిబ్లీ, జాన్ ఆల్‌క్విస్ట్‌లది. వారికి డీఎన్‌ఏ అక్షరాలను ఒక్కొక్కటిగా చదివే సాధనాలు అందుబాటులో లేనందువల్ల, డీఎన్‌ఏలోని రెండు పోగులు వేడికి విడిపోయి, చల్లబడితే మళ్ళీ జతకట్టే గుణాన్ని వాడుకున్నారు. ఒక జాతి పక్షి డీఎన్‌ఏను చిన్న ముక్కలుగా చేసి, వేడితో పోగులను విడదీసి, రేడియోధార్మిక అయొడిన్‌తో గుర్తుపెట్టి, మరొక జాతి డీఎన్‌ఏ పోగులతో కలిపి ఉంచితే, సరిపోలిన చోట్ల రెండు జాతుల పోగులు జతపడతాయి. ఆ మిశ్రమాన్ని 55 డిగ్రీల నుంచి రెండున్నర డిగ్రీల చొప్పున 95 డిగ్రీల వరకు వేడిచేస్తూ, ప్రతి మెట్టులో ఎంత భాగం విడిపోయిందో కొలుస్తారు. దగ్గరి బంధువుల పోగులు గట్టిగా అతుక్కుని ఎక్కువ వేడికి గాని విడిపోవు. దూరపు బంధువులవి త్వరగా విడిపోతాయి. విడిపోయే ఉష్ణోగ్రతల్లో ఒక డిగ్రీ తేడా వస్తే డీఎన్‌ఏలో దాదాపు నూటికి ఒక అక్షరం తేడా ఉన్నట్టు లెక్క. ఈ పద్ధతిలో దాదాపు 1,700 జాతులను పరిశీలించి, 1990లో వారు ప్రకటించిన గ్రంథం పక్షిశాస్త్రాన్ని కుదిపివేసింది.

ఆ కుదుపు భారత ఉపఖండానికీ తాకింది. 1998లో వెలువడి, ఇక్కడి పరిశీలకుల చేతుల్లోకి త్వరగా చేరిన గ్రిమెట్, ఇన్‌స్కిప్ దంపతుల గ్రంథం సిబ్లీ ఆధారంగా రూపొందిన వరుసను పాటించి, కౌజులూ నెమళ్ళతో మొదలై, వడ్రంగిపిట్టలను ముందు పుటల్లోకి తెచ్చింది. సలీం అలీకి అలవాటుపడినవారు కావలసిన పక్షి కోసం విషయసూచికనే ఆశ్రయించవలసి వచ్చింది. సిబ్లీ పద్ధతికి ఉన్న లోపం ఏమిటంటే, రెండు జాతుల మధ్య దూరాన్ని అది ఒకే ఒక సంఖ్యగా చెబుతుందే తప్ప, ఏ అక్షరం ఎక్కడ మారిందో, ఆ మార్పు ఏ కొమ్మ మీద జరిగిందో చెప్పలేదు. అందువల్ల కొన్ని ఫలితాలు నిలిచాయి, కొన్ని కూలాయి. కోళ్ళూ బాతులూ ఒకదానికొకటి అత్యంత సమీపమని, మిగిలిన ఎగిరే పక్షుల్లో దాదాపు అన్నిటి నుంచీ ఆ జంట తొలినాడే విడిపోయిందని చెప్పిన మాట నిలిచింది. 2003లో అమెరికా పక్షిశాస్త్రవేత్తల సంఘం వాటిని తన జాబితాలో ముందుకు తెచ్చింది. అమెరికా ఖండాల రాబందులు కొంగలకు బంధువులన్న మాటను మాత్రం అదే సంఘం 1998లో అంగీకరించి, 2007లో వెనక్కి తీసుకుంది. కొత్త సాక్ష్యం వచ్చిన ప్రతిసారీ జాబితాను తొందరపడి మార్చకూడదనే వాదానికి ఈ ఉదంతం కంటే మంచి ఉదాహరణ దొరకదు.

డీఎన్‌ఏ అక్షరాలను నేరుగా చదవడం సులభమైన తర్వాత పరిశోధన స్వరూపమే మారింది. 2008లో షికాగో ఫీల్డ్ మ్యూజియం శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న బృందం 169 జాతుల నుంచి, జీనోమ్‌లోని, అంటే జీవి మొత్తం డీఎన్‌ఏలోని, 19 వేర్వేరు చోట్ల, ఒక్కో పక్షికి దాదాపు 32 వేల అక్షరాలను పోల్చింది. డేగ గద్దకు బంధువు కాదన్నది అందులో అందరినీ ఆశ్చర్యపరిచిన ఫలితం. బైరి డేగ, దాని తోటి డేగలు గద్దలకంటే రామచిలుకలకూ, కాకులూ పిచ్చుకలూ చేరిన పాసరీన్ క్రమానికీ దగ్గరివని ఆ అధ్యయనం చెప్పింది. పాసరీన్‌లంటే కొమ్మను పట్టుకుని కూర్చునేందుకు అనువైన పాదాలు గల పిట్టలు. వేటాడే తీరును దగ్గరగా గమనించినవారికి ఇందులో కొంత సూచన ముందే ఉంది: గద్ద తన ఎరను కాలిగోళ్ళతో నులిమి చంపుతుంది, డేగ పట్టుకునేది కాళ్ళతోనే అయినా, పైముక్కు అంచున పన్నులా పొడుచుకు వచ్చిన మొనతో మెడ ఎముకను కొరికి చంపుతుంది. ఒకే వృత్తిని రెండు వంశాలు వేర్వేరుగా నేర్చుకున్నాయి.

ఇంత అసాధారణమైన ఫలితాన్ని మరో రకమైన సాక్ష్యంతో పరీక్షించవలసి ఉంటుంది. జీనోమ్‌లో తమ నకలును తామే తయారుచేసుకుని మరో చోట దూరిపోయే డీఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. వాటిని రెట్రోపోజాన్‌లు అంటారు. అలాంటి ముక్క సరిగ్గా ఒకే చోట, ఒకే విధంగా, రెండు వంశాల్లో విడివిడిగా దూరే అవకాశం చాలా తక్కువ కనుక, రెండు పక్షుల్లో అదే చోట అదే ముక్క కనిపిస్తే అది ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చిందని నమ్మవచ్చు. 2011లో ఈ ముక్కలను వెతికిన పరిశోధన, పాసరీన్‌లకు జీవించి ఉన్నవాటిలో అత్యంత సమీప బంధువులు చిలుకలేనని, వాటి వెనకే డేగలు వస్తాయని ధ్రువపరిచింది. 2012లో అమెరికా జాబితా డేగలనూ చిలుకలనూ పాసరీన్‌ల ముందుకు మార్చింది.

మొత్తం జీనోమ్‌లు చేతికి వచ్చాక అన్ని చిక్కులూ విడిపోతాయని ఆశించినవారికి కొంత నిరాశ ఎదురైంది. 2014 డిసెంబరులో 48 పక్షుల పూర్తి జీనోమ్‌లతో వెలువడిన వంశవృక్షం, ఫ్లెమింగో–బుడబుంగ జంటను పావురాల కొమ్మతో కలిపి, నిప్పుకోళ్ళ కొమ్మా, కోళ్ళు–బాతుల కొమ్మా పోను మిగిలిన పక్షులన్నిటి నుంచి ఆ మొత్తం మొదట విడిపోయిందని చెప్పింది. 2015లో 198 పక్షులతో మరో బృందం గీసిన వృక్షం దాన్ని బలపరచలేదు. ఈ భేదాలకు కారణం పక్షుల చరిత్రలోనే ఉంది. దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం డైనోసార్‌లు అంతరించిన కాలానికి అటూ ఇటూగా, చాలా తక్కువ వ్యవధిలో పక్షివంశం ఎన్నో కొమ్మలుగా చీలింది. ఒక పూర్వీక జనాభాలో ఒకే జన్యువుకు రెండు మూడు రూపాలు ఉన్నప్పుడు, ఆ రూపాల్లో ఒకటి స్థిరపడేలోపే జనాభా చీలి, మళ్ళీ చీలితే, ఏ రూపం ఏ కొమ్మకు దక్కుతుందన్నది యాదృచ్ఛికం అవుతుంది. ఆ కారణంగా ఒక జన్యువు చెప్పే చుట్టరికం మరో జన్యువు చెప్పేదానితో ఏకీభవించదు. ఏ ఒక్క జన్యువునూ నమ్మకుండా, వేల జన్యువుల వాంగ్మూలాన్ని గణాంకశాస్త్రంతో సమన్వయం చేయవలసి రావడానికి కారణం ఇదే.

2024లో 218 కుటుంబాలకు చెందిన 363 జాతుల జీనోమ్‌ల నుంచి 63 వేలకు పైగా భాగాలను పోల్చిన అధ్యయనం వెలువడింది. అదే సంవత్సరం ఆ బృందంతో సంబంధమున్న మరో పరిశోధన, 2014 నాటి పావురం–ఫ్లెమింగో చుట్టరికం ఎక్కడి నుంచి పుట్టిందో కనిపెట్టింది. నాలుగవ క్రోమోజోమ్ మీద 2 కోట్ల 10 లక్షల అక్షరాల పొడవున్న ఒక భాగం, తల్లిదండ్రుల క్రోమోజోమ్‌లు సంతానోత్పత్తి కణాల్లో ముక్కలు మార్చుకునే సహజప్రక్రియకు లొంగకుండా ఎన్నో లక్షల సంవత్సరాలు ఒకే కట్టగా సంక్రమించింది. విడివిడి సాక్షులుగా లెక్కించిన అక్కడి జన్యువులన్నీ నిజానికి ఒకే సాక్షి చెప్పిన మాటను వల్లెవేశాయి. జీనోమ్ మొత్తంలో చిన్న భాగమైన ఆ ముక్క, తక్కువ జాతులను పరిశీలించిన వృక్షాన్ని పక్కదారి పట్టించింది. దక్షిణ అమెరికా చిత్తడి అడవుల్లో ఆకులు తిని బతికే హోట్‌జిన్ విషయంలో మాత్రం ఒక్కో అధ్యయనం ఒక్కో చోటు చూపుతూనే ఉంది, కాబట్టి జాబితాల్లో దానికి ఒంటరిగా ఒక క్రమం కేటాయించి ఊరుకున్నారు.

కొమ్మలుగా విస్తరించిన ఈ వంశవృక్షాన్ని పుస్తకంలో ఒకే వరుసగా పరచడం ఎలాగన్న సమస్య అప్పటికీ మిగులుతుంది. దారాలకు వేలాడదీసిన బొమ్మల గుత్తిలో ఏ ముడి దగ్గర తిప్పినా బొమ్మల కట్టు చెడకుండా వాటి స్థానాలు మాత్రం అటూ ఇటూ అయినట్టు, వృక్షంలో ప్రతి చీలిక దగ్గరా రెండు కొమ్మల్లో ఏది ముందు రాసినా బంధుత్వం తప్పిపోదు. కనుక చాలా జాబితాలు ఒక నియమం పెట్టుకున్నాయి: ప్రతి చీలిక దగ్గరా తక్కువ జాతులున్న కొమ్మ ముందు, ఎక్కువ జాతులున్న కొమ్మ తర్వాత. నిప్పుకోళ్ళ కొమ్మ ప్రపంచజాబితాకు తలమానికంగా ఉండడానికీ, మొత్తం జాతుల్లో సగానికి పైగా ఉన్న పాసరీన్‌లు చివర రావడానికీ కారణం ఈ లెక్కే. అందులో గౌరవ అగౌరవాలు లేవు. కాకుల కొమ్మలో జాతులు పిచ్చుకల కొమ్మలో కంటే తక్కువ కనుక కాకి ఇప్పుడు పాడే పిట్టల్లో ముందు భాగానికి వచ్చింది, బాసెల్‌లో దానికి కట్టిన కిరీటం ఎవరూ తీయకుండానే జారిపోయింది.

పాసరీన్‌లలో మార్పులు తెలుగువారికి పరిచయమైన పిట్టలనే తాకాయి. సలీం అలీ గ్రంథంలో ఊరపిచ్చుక, తాటాకులకు గూళ్ళు వేలాడదీసే గిజిగాడు ఒకే కుటుంబంలోని రెండు ఉపకుటుంబాలు. జన్యువులు వాటిని విడదీసి, పిచ్చుకను నీటిగట్ల మీద తోక ఆడించే వాగ్‌టెయిల్‌లకూ ఫించ్‌లకూ దగ్గర చేసి, గిజిగాణ్ణి మునియా పిట్టల వైపు ఉంచాయి. తోక నిక్కబొడుచుకుని తిరిగే నల్లంచి థ్రష్‌ల నుంచి ఫ్లైక్యాచర్‌లలోకి మారింది. ఆ గ్రంథంలో ఫ్లైక్యాచర్‌లు, థ్రష్‌లు, వార్బ్లర్‌లు, పొదల్లో గుంపులుగా తిరిగే బాబ్లర్‌లు అన్నీ ఒకే మహాకుటుంబం. ఎక్కడా ఇమడని పిట్టలన్నిటినీ అందులో వేసేవారంటే అతిశయోక్తి కాదు. తూర్పు హిమాలయాల్లో రెన్‌బాబ్లర్‌గా చలామణి అయిన మచ్చల చిన్నపిట్ట ఎలకురాకు అసలు బాబ్లర్‌లతో సంబంధమే లేదని 2014లో తేలడంతో, ఆ ఒక్క జాతి కోసమే కొత్త కుటుంబం ఏర్పడింది. పడమటి కనుమల ఎత్తైన షోలా అడవుల్లో షార్ట్‌వింగ్‌లుగా పిలిచిన పిట్టలు నిజానికి నీలి ఫ్లైక్యాచర్‌ల బంధువులని, లోయలు దాటలేక శిఖరాల మీదే వేర్వేరు జాతులుగా విడిపోయాయని భారతీయ శాస్త్రవేత్తలు నడిపిన పరిశోధన చూపగా, 2017లో వాటికి షోలికోలా అనే కొత్త ప్రజాతి పేరు పెట్టారు.

ఇన్ని సవరణల మధ్య ఒక్కో సంస్థ ఒక్కో జాబితా నడపడం పరిశీలకులకు పెద్ద ఇబ్బందిగా ఉండేది. భారతదేశానికి సంబంధించి ప్రవీణ్, రాజా జయపాల్, హైదరాబాదుకు చెందిన ఆశీష్ పిట్టీ 2016లో 1,263 జాతులతో, ప్రతి చేర్పుకూ ఆధారాన్ని పరిశీలించి, ఇండియన్ బర్డ్స్ పత్రికలో ప్రకటించిన జాబితా ఆ గందరగోళాన్ని చాలావరకు తొలగించింది. ప్రపంచస్థాయిలో 2025 జూన్‌లో వెలువడిన ఏవిలిస్ట్ అనే ఉమ్మడి జాబితా 46 క్రమాలు, 252 కుటుంబాలు, 11,131 జాతులను గుర్తించింది.

కుటుంబాల స్థాయి దాటి ప్రతి ప్రజాతికీ, ఆ తర్వాత ప్రతి జాతికీ జీనోమ్ చదవాలన్నది పదివేల పక్షుల జీనోమ్ పథకం లక్ష్యం. బతికి ఉన్న పక్షి దొరకని చోట మ్యూజియం చర్మాల కాలివేళ్ళ అడుగుభాగం నుంచి గోరంత ముక్క కోసినా పని జరుగుతుంది. కడప జిల్లా లంకమల కొండల దగ్గర 1986లో మళ్ళీ కనిపించిన కలివికోడి అనే పక్షికి చెందిన, తెలిసినంతలో ఏకైక గుడ్డును గుర్తించినది ఇలాగే: 1917లో కోలారు గనుల ప్రాంతంలో సేకరించి, స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఉండిపోయిన గుడ్డు నుంచి తీసిన డీఎన్‌ఏను పాత కలివికోడి చర్మపు వేలిముక్కతో పోల్చి, రెండూ ఒకే జాతివని 2013లో నిర్ధారించారు. అయితే శతాబ్దం దాటిన చర్మంలో డీఎన్‌ఏ చిన్నచిన్న తునకలుగా విరిగిపోయి, చేతులు మారిన ప్రతిసారీ పరాయి డీఎన్‌ఏ అంటుకుని ఉంటుంది కనుక, అలాంటి నమూనాలను చదివే ప్రయోగశాలలు ఇతర పక్షుల పని జరిగే గదులకు దూరంగా, విడిగా నడుస్తున్నాయి.